లాగిన్ దాటాక మొదలయ్యే భద్రత: బిజినెస్ పోర్టళ్లలో ఎవరికి ఏది కనిపించాలి?

ఒక కంపెనీకి సరుకు సరఫరా చేసే వ్యాపారి తన బిల్లు సంగతి చూసుకోవడానికి ఆ కంపెనీ పోర్టల్ తెరిచాడనుకుందాం. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టాడు. తన ఇన్‌వాయిస్ తెర మీదకు వచ్చింది. పైన అడ్రస్ బార్‌లో లింకు చివర 48213 అని ఉంది. అది తన ఇన్‌వాయిస్ నంబరే. చివరి అంకె 3ను 4గా మార్చి ఎంటర్ నొక్కాడు. ఇంకో సరఫరాదారు ఇన్‌వాయిస్ తెరుచుకుంది. పేరు, ధరలు, ఇచ్చిన తగ్గింపు, బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ కళ్ల ముందున్నాయి.

ఇక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. పాస్‌వర్డ్ దొంగిలించలేదు, వైరస్ పంపలేదు. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు అలాగే ఉంది, ఓటీపీ సరైనదే, సర్వర్ తన పని తాను చేసింది. ‘మీరెవరు?’ అని పోర్టల్ గట్టిగానే అడిగింది. ‘ఈ బిల్లు మీదేనా?’ అని మాత్రం అడగలేదు. వ్యాపార సాఫ్ట్‌వేర్ భద్రత అనగానే మన ఆలోచన, ఖర్చు, సమావేశాలు అన్నీ మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఈ వ్యాసం రెండో ప్రశ్న గురించి.

ఇది ఊహించి చెప్పిన కథలా అనిపించవచ్చు. 2011లో అమెరికన్ బ్యాంకింగ్ సంస్థ సిటీ గ్రూప్ క్రెడిట్ కార్డుల వెబ్‌సైటు మీద జరిగిన దాడి దాదాపు ఇలాంటిదే. ఒక ఖాతాతో లోపలికి వెళ్లి, అడ్రస్ బార్‌లోని ఖాతా నంబరు స్థానంలో వేరే నంబర్లు పెట్టుకుంటూ పోయారు. సుమారు 3 లక్షల 60 వేల కార్డు ఖాతాల వివరాలు బయటపడ్డాయి. 2019 మేలో ఫస్ట్ అమెరికన్ ఫైనాన్షియల్ అనే అమెరికన్ టైటిల్ బీమా (ఆస్తి హక్కులకు ఇచ్చే బీమా) సంస్థ సంగతి వెలుగులోకి వచ్చింది. ఇళ్ల కొనుగోళ్లకు సంబంధించిన పత్రాల లింకులో ఒక వరుస నంబరు ఉండేది. అది మారిస్తే వేరేవాళ్ల పత్రం వచ్చేది. లాగిన్ కూడా అక్కర్లేదు. 2003 నాటి నుంచి పోగైన సుమారు 88.5 కోట్ల రికార్డులు ఆ దారిలో అందుబాటులో ఉన్నాయి. వెబ్ భద్రతలో అందరూ ప్రామాణికంగా చూసే ఓవాస్ప్ పది ప్రమాదాల జాబితాలో ఈ రకం లోపం 2017లో ఐదో స్థానంలో ఉండేది. 2021 జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది.

ఇంత తేలికైన తప్పు ఇన్నాళ్లు ఎలా బతికి ఉంది? యంత్రం దాన్ని గుర్తుపట్టలేకపోవడం ఒక పెద్ద కారణం. డేటాబేస్‌లోకి చెడ్డ ఆదేశాలు దూర్చే దాడికి ఒక రూపం ఉంటుంది, స్కానింగ్ సాధనాలు ఆ రూపాన్ని పసిగడతాయి. 48214 నంబరు ఇన్‌వాయిస్ తెరుచుకోవడంలో అలాంటి వింత ఏదీ ఉండదు. అడిగినది ఇన్‌వాయిస్, వచ్చినది ఇన్‌వాయిస్. అది ఎవరిది, ఎవరు చూడవచ్చు అన్నది ఆ వ్యాపారం తెలిసిన మనిషికే తెలుస్తుంది. ఆ తెలివిని కోడ్‌లో రాసిపెట్టకపోతే, లేదని చెప్పే సాధనం దాదాపు ఉండదు.

రెండు వేర్వేరు ప్రశ్నలు

వచ్చినవారు ఎవరో నిర్ధారించుకోవడాన్ని అథెంటికేషన్ అంటారు. వారు ఏం చేయవచ్చో తేల్చడం ఆథరైజేషన్. పలకడానికి దగ్గరగా ఉన్న ఈ రెండు మాటలు కలగాపులగం అవుతూనే ఉంటాయి. ఆ గందరగోళం వెబ్ పునాదుల్లోనే ఉంది. సర్వర్ పంపే 401 కోడ్ పేరు ‘అన్‌ఆథరైజ్డ్’. దాని అసలు అర్థం ‘మీరెవరో నాకు తెలియలేదు, ముందు లాగిన్ అవండి’ అని. ‘మీరెవరో తెలుసు, అయినా ఇది మీకు ఇవ్వను’ అని చెప్పేది 403. పేరు ఒకదానిది, పని ఇంకొకదానిది.

మొదటి ప్రశ్నకు ఈ రోజు మంచి జవాబులున్నాయి. ఒకేసారి లాగిన్ అయి అన్ని అప్లికేషన్లు వాడుకునే ఏర్పాటుకు వీలు కల్పించే శామ్ల్ 2.0 ప్రమాణం 2005 నుంచి ఉంది. రెండో అంచె ధ్రువీకరణ, పాస్‌వర్డ్ బదులు వాడే పాస్‌కీలు వచ్చాయి. వీటిలో చాలా భాగం రెడీమేడ్‌గా కొనుక్కోవచ్చు, ఎందుకంటే ‘ఈ మనిషి ఎవరు’ అనే ప్రశ్న ఏ కంపెనీలోనైనా ఒకటే. ‘ఈ మనిషి ఈ కొనుగోలు ఆర్డరును ఆమోదించవచ్చా’ అనే ప్రశ్నకు రెడీమేడ్ జవాబు ఎవరూ అమ్మలేరు. అది ఆ సంస్థ నియమాల్లో, అలవాట్లలో, కొన్నిసార్లు ఎవరో ఒకరి బుర్రలో మాత్రమే ఉంటుంది. దాన్ని బయటికి లాగి రాతలో పెట్టడం మామూలు శ్రమ కాదు. ఆ శ్రమకు కేటాయించే సమయం ప్రాజెక్టు ప్రణాళికల్లో తరచూ కనిపించదు కూడా.

బటన్ దాచితే తలుపు మూసినట్టు కాదు

చాలా పోర్టళ్లలో అనుమతుల పని తెర దగ్గరే మొదలై తెర దగ్గరే ముగుస్తుంది. అధికారం లేని ఉద్యోగికి ‘ఆమోదించు’ బటన్ కనిపించకుండా చేస్తారు, మెనూలో ‘జీతాలు’ అనే వరుస తీసేస్తారు. తెర చక్కగా ఉంటుంది, డెమోలో అందరూ తల ఊపుతారు. అయితే బ్రౌజర్ అనేది యూజర్ చేతిలో ఉన్న వస్తువు. బటన్ నొక్కితే సర్వర్‌కు ఏ అభ్యర్థన వెళుతుందో అదే అభ్యర్థనను బటన్ లేకుండా కూడా పంపవచ్చు. బ్రౌజర్‌తో పాటే వచ్చే డెవలపర్ టూల్స్ దానికి చాలు. బటన్ దాచడం మర్యాద. అవసరం లేనిది ఎదుట పెట్టి మనిషిని తికమక పెట్టకుండా ఉండటానికి అది మంచిదే. కాపలా మాత్రం సర్వర్‌లోనే ఉండాలి.

ఈ మాట కొత్తది కాదు. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ కంప్యూటర్లలో సమాచార రక్షణ గురించి ఒక పత్రం రాశారు. అందులో ఎనిమిది సూత్రాలు చెప్పారు. ‘పని జరగడానికి ఎంత అధికారం కావాలో అంతే ఇవ్వాలి’ అన్నది అందరికీ తెలిసిన సూత్రం. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఇంకొకటి: ప్రతి వస్తువును, ప్రతిసారి, అధికారం ఉందో లేదో చూశాకే అందించాలి. ఒకసారి చూశాం కదా అని ఊరుకోకూడదు. యాభై ఏళ్ల కిందటి ఈ సూత్రాన్ని ఇప్పటి పోర్టల్‌కు వర్తింపజేయబోతే ‘ప్రతి’ అనే మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. ఒక ఇన్‌వాయిస్‌కు ఎన్ని దారులుంటాయో చూడండి. వివరాల పేజీ ఉంటుంది. జాబితా ఉంటుంది. వెతికే పెట్టెలో రెండక్షరాలు కొట్టగానే వచ్చే సూచనలుంటాయి. పీడీఎఫ్ డౌన్‌లోడ్, మొబైల్ యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి అయిన ఏపీఐ, నెలాఖరు నివేదిక, ఆటోమేటిక్‌గా వెళ్లే ఈమెయిల్, చివరికి ‘మొత్తం 312 ఇన్‌వాయిస్‌లు’ అని చూపే అంకె కూడా ఒక దారే. ఆ అంకె వల్ల పక్క విభాగం లావాదేవీలు ఎన్నో తెలిసిపోవచ్చు. తొమ్మిది దారులకు కాపలా పెట్టి పదోది మరిచిపోతే ఆ పదోదే రాజమార్గం అవుతుంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక పోర్టల్‌లో సరిగ్గా ఇదే జరిగింది. బ్రాంచి మేనేజర్‌కు తన బ్రాంచి ఉద్యోగుల జీతాలు మాత్రమే కనిపించాలి. పేజీలో అలాగే కనిపించేవి, మేం పరీక్షించిన ప్రతిసారి సరిగ్గానే వచ్చేవి. ఒక రోజు ఒక మేనేజర్ ఫోన్ చేశారు. “మా బ్రాంచిలో 18 మందే అండీ. ఎక్సెల్ ఫైలులో 1,400 పైన వరుసలున్నాయి. నాకు పంపింది సరైన ఫైలేనా?” అని అడిగారు. ఆ ఫైలు తెరిచి ఉంచిన తెర ముందు ఆయన ఎంత ఇబ్బందిపడ్డారో గొంతులోనే తెలిసింది. ఎక్సెల్ ఫైలు తయారు చేయడానికి సమయం పడుతుందని ఆ పనిని వెనకాల నడిచే వేరే ప్రోగ్రామ్‌కు అప్పగించాం. ఆ ప్రోగ్రామ్ డేటాబేస్‌లో అన్నీ చదవగల ఖాతాతో నడిచేది. ఎవరు అడిగారన్నది దానికి చేరలేదు. ఏ ఫైలు కావాలన్నదే చేరింది. ఆ మేనేజర్ నిజాయితీ వల్ల మాకు తెలిసింది. అంతకుముందు ఎవరెవరు ఆ బటన్ నొక్కారో లాగ్‌లు తిరగేస్తూ గడిపిన రాత్రి నాకింకా గుర్తుంది.

ఈ రకం తప్పుకు శాస్త్రంలో ఒక పేరుంది: ‘కన్‌ఫ్యూజ్డ్ డెప్యుటీ’, అంటే ఎవరి తరఫున పని చేస్తున్నాడో మరిచిపోయిన ప్రతినిధి. 1988లో నార్మ్ హార్డీ ఆ పేరుతో రాసిన వ్యాసంలో ఒక కంపైలర్ (ప్రోగ్రామర్ రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్) కథ చెప్పారు. అందరూ వాడుకునే ఆ కంపైలర్‌కు, వినియోగం లెక్కలు రాసుకోవడానికని, ఒక వ్యవస్థ డైరెక్టరీలో రాసే అధికారం ఇచ్చారు. కస్టమర్లకు బిల్లులు వేసే ఫైలు కూడా అదే డైరెక్టరీలో ఉంది. ఫలితాలను ఏ ఫైలులో రాయాలని కంపైలర్ అడిగితే, ఒక యూజర్ ఆ బిల్లుల ఫైలు పేరే ఇచ్చాడు. కంపైలర్ తన అధికారంతో దాని మీద రాసేసింది, బిల్లుల సమాచారం పోయింది. యూజర్‌కు ఆ ఫైలు ముట్టుకునే హక్కు లేదు, కంపైలర్‌కు ఉంది. ఇప్పటి ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్ అంతా ఇలాంటి ప్రతినిధులతో నిండి ఉంటుంది. రాత్రిపూట వాటంతటవే నడిచే ప్రోగ్రామ్‌లు, నివేదికల ఇంజిన్లు, ఒక అప్లికేషన్ నుంచి ఇంకోదానికి డేటా మోసే కనెక్టర్లు, ఇప్పుడు ఉద్యోగి బదులు పత్రాలు వెతికి జవాబిచ్చే ఏఐ సహాయకులు. వీటిలో ప్రతి ఒక్కటీ అడిగిన మనిషి హక్కులను వెంట తీసుకెళ్లాలి, తన సొంత హక్కులతో పని కానివ్వకూడదు.

వరుస నంబర్లకు బదులు ఎవరూ ఊహించలేని పొడవాటి యాదృచ్ఛిక గుర్తులు వాడితే సరిపోదా అని అడుగుతుంటారు. వాడటం మంచిదే, నంబర్లు మార్చుకుంటూ పోయే ఆట ఆగిపోతుంది. కానీ లింకులు ఈమెయిళ్లలో వెళతాయి, చాట్‌లో అతికిస్తారు, సర్వర్ లాగ్‌లలో నిలిచిపోతాయి. ఊహించలేకపోవడం ఒక్కటే రక్షణగా ఉంటే, లింకు చేతికి చిక్కినవారందరికీ తలుపు తీసినట్టే.

చదవడమే కాదు, రాయడంలోనూ ఇదే చిక్కు. ప్రొఫైల్ మార్చుకునే ఫారంలో పేరు, ఫోను నంబరు అనే రెండు గడులే ఉన్నాయనుకోండి. సర్వర్ మాత్రం తనకు వచ్చిన గడులన్నిటినీ కళ్లు మూసుకుని డేటాబేస్‌లో రాసేస్తుంటే, మూడో గడిగా ‘రోల్ = అడ్మిన్’ అని జోడించి పంపినవాడు అడ్మిన్ అయిపోతాడు. 2012 మార్చిలో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ సైటుకు ఈ కోవలోని దెబ్బే తగిలింది. ఒక ప్రోగ్రామర్ తన కీని నమోదు చేసే ఫారంలో అదనపు గడి చేర్చి పంపి, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రైల్స్ అనే ప్రాజెక్టులో రాసే అధికారం సంపాదించాడు. సమస్య ఉందని అంతకుముందు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదని, నిరూపించడానికే ఆ పని చేశాడు.

రోల్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఎవరికి ఏ అనుమతి ఉందో రాసుకోవడానికి మొదట తట్టే ఆకారం ఒక పెద్ద పట్టిక. అడ్డంగా మనుషులు, నిలువుగా వస్తువులు, గడిలో అనుమతి. 1971లో బట్లర్ లాంప్సన్ ఈ నమూనాను పద్ధతిగా వివరించారు. ఆలోచించడానికి అది ఇప్పటికీ మంచి సాధనం. నడపడానికి మాత్రం కష్టం: 2,000 మంది ఉద్యోగులు, 500 రకాల పనులు ఉంటే పది లక్షల గడులు. ఒక్కో గడి నింపేదెవరు?

1992లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీకి చెందిన డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కున్ దీనికి చక్కని మార్గం చూపారు. మనిషికీ అనుమతికీ మధ్య ‘రోల్’ అనే మెట్టు పెట్టారు. అనుమతులు రోల్‌కు ఇస్తారు, మనుషులను రోల్‌లో చేరుస్తారు. ‘అకౌంట్స్ క్లర్క్’ అనే రోల్‌కు ఏం కావాలో ఒకసారి నిర్ణయిస్తే, కొత్తగా చేరినవారిని అందులో వేస్తే చాలు. 2004లో ఇది అమెరికన్ జాతీయ ప్రమాణమైంది. ఆర్‌బ్యాక్ అనే పొట్టి పేరుతో ఈ రోజు దాదాపు ప్రతి వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో కనిపించేది ఇదే.

మొదటి ఏడాది అంతా బాగుంటుంది. తర్వాత ఎవరో ‘అకౌంట్స్ క్లర్కే, కానీ ఉత్తర విభాగం మాత్రమే’ అంటారు. ఇంకొకరికి ‘చూడాలి కానీ మార్చకూడదు’. మరొకరికి ‘ఆడిట్ అయ్యేదాకా తాత్కాలికంగా’. ఒక్కో మినహాయింపుకు ఒక్కో కొత్త రోల్ పుడుతుంది. కొంతకాలానికి ఉద్యోగుల కన్నా రోల్స్ ఎక్కువవుతాయి, ఏది ఎందుకు పుట్టిందో చెప్పగలిగిన మనిషి ఉద్యోగం మానేసి ఉంటాడు.

ఈ చిక్కు రోల్ అనే ఆలోచన చెడ్డదైనందువల్ల వచ్చింది కాదు. రోల్‌ను దానికి చేతకాని ప్రశ్న అడుగుతున్నాం. ‘సరఫరాదారులు ఇన్‌వాయిస్‌లు చూడవచ్చు’ అని రోల్ చెబుతుంది. ‘ఎవరి ఇన్‌వాయిస్‌లు?’ అంటే దాని దగ్గర జవాబు లేదు. మొదట్లో చూసిన 48214 కథలో రోల్ తనిఖీ జరిగి ఉన్నా తప్పు జరిగేదే, అతను సరఫరాదారే కాబట్టి. జవాబు రికార్డులో ఉంది: ఈ ఇన్‌వాయిస్ ఏ సంస్థది, ఈ యూజర్ ఏ సంస్థ వాడు, రెండూ ఒకటేనా? విభాగం, మొత్తం, సమయం వంటి లక్షణాలను బట్టి నిర్ణయించే ఈ పద్ధతిని ఏబ్యాక్ అంటారు. దాని మీద ఎన్‌ఐఎస్‌టీ 2014లో మార్గదర్శి వెలువరించింది. నా అనుభవంలో ఏదో ఒక పద్ధతినే పట్టుకున్న సంస్థలు ఇబ్బంది పడ్డాయి. ‘ఏ రకం పని’ అనేది రోల్‌కు, ‘ఏ రికార్డు మీద’ అనేది లక్షణాలకు, సంబంధాలకు వదిలేస్తే రెండూ తేలికగా ఉంటాయి.

సంబంధాల ఆధారంగా అనుమతులు తేల్చే పద్ధతికి పెద్ద ఉదాహరణ గూగుల్ 2019లో వివరించిన జాంజిబార్ అనే వ్యవస్థ. ఈ పత్రం ఈ ఫోల్డర్‌లో ఉంది, ఈ ఫోల్డర్‌ను ఈ బృందం చూడవచ్చు, ఈ మనిషి ఈ బృందంలో ఉన్నాడు. ఇలాంటి చిన్న చిన్న వాక్యాల గొలుసు పట్టుకుని నిర్ణయం చెబుతుంది. సెకనుకు లక్షల్లో వచ్చే ప్రశ్నలకు జవాబిస్తుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ వేగం కన్నా ఆ పత్రంలో చర్చించిన ఒక సున్నితమైన చిక్కు. ఒక మేనేజర్ ముందుగా ఒక ఉద్యోగిని ఫోల్డర్ నుంచి తొలగించాడు. ఆ తర్వాత ఆ ఉద్యోగి చూడకూడని పత్రాన్ని అందులో పెట్టాడు. ప్రపంచమంతా విస్తరించిన సర్వర్లలో రెండో మార్పు ముందు, మొదటి మార్పు తర్వాత చేరితే? కొన్ని క్షణాల పాటు కొత్త పత్రం పాత అనుమతులతో కనిపిస్తుంది. వేగం కోసం అనుమతులను క్యాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, దాచుకునే చిన్న పోర్టల్‌కు కూడా ఇదే ప్రమాదం ఉంది. తీసేసిన అనుమతి ఎంతసేపటికి నిజంగా పోతుంది అన్నది ముందే తేల్చుకోవాల్సిన సంగతి.

ఒకే సాఫ్ట్‌వేర్‌ను, ఒకే డేటాబేస్‌ను అనేక కంపెనీలు అద్దెకు వాడుకునే చోట ఈ విషయం మరింత పదునెక్కుతుంది. డేటాబేస్‌ను అడిగే ప్రతి క్వెరీలో ‘ఈ కంపెనీవి మాత్రమే’ అనే షరతు ఉండాలి. వందల క్వెరీల్లో ఒక్కదాంట్లో మరిచిపోతే ఒక కంపెనీ లెక్కలు దాని పోటీదారు తెర మీద కనిపిస్తాయి. మనిషి జ్ఞాపకశక్తి మీద ఇంత భారం పెట్టకూడదు. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌లో వరుస స్థాయిలోనే షరతు పెట్టే సౌకర్యం 2016లో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి ఉంది. డెవలపర్ మరిచిపోయినా డేటాబేస్ మరిచిపోదు. క్యాష్ సంగతీ అంతే. దాచిన పేజీ గుర్తులో కంపెనీ పేరు లేకపోతే, ముందు వచ్చినవాడి పేజీ తర్వాత వచ్చినవాడికి వెళుతుంది.

ఒక్కరి చేతిలో ఉండకూడని రెండు పనులు

ఒక్కో అనుమతి విడిగా చూస్తే నిరపాయంగా ఉండి, రెండూ ఒకరి దగ్గర చేరినప్పుడు ప్రమాదమయ్యే జంటలుంటాయి. కొత్త సరఫరాదారును నమోదు చేయడం తప్పనిసరి పని. చెల్లింపు ఆమోదించడమూ అంతే. రెండూ ఒక్కరే చేయగలిగితే లేని సరఫరాదారును పుట్టించి డబ్బు పంపవచ్చు. 1987లో డేవిడ్ క్లార్క్, డేవిడ్ విల్సన్ సైనిక వ్యవస్థకూ వ్యాపార వ్యవస్థకూ ఉన్న తేడాను స్పష్టంగా చూపించారు. సైన్యానికి రహస్యం బయటకు పోకుండా ఉండటం ముఖ్యం, వ్యాపారానికి లెక్క తప్పకుండా ఉండటం ముఖ్యం. కాబట్టి వ్యాపార వ్యవస్థలో పనుల విభజన రక్షణకు వెన్నెముక అన్నది వారి వాదన.

అది లేకపోతే ఏమవుతుందో 1995లో బేరింగ్స్ బ్యాంకు చూసింది. 1762లో స్థాపించిన ఆ బ్రిటిష్ బ్యాంకు సింగపూర్ కార్యాలయంలో నిక్ లీసన్ ట్రేడింగ్ చేసేవాడు. ఆ లావాదేవీల లెక్కలు సరిచూసే విభాగమూ అతని కిందే ఉండేది. 88888 అనే ఖాతాలో నష్టాలు దాచుకుంటూ వచ్చాడు. చివరికి తేలిన నష్టం 82.7 కోట్ల పౌండ్లు. బ్యాంకు కుప్పకూలింది, డచ్ సంస్థ ఐఎన్‌జీ దాన్ని ఒక్క పౌండుకు కొనుక్కుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అక్కడ పట్టుకోవాల్సిన పనే అతని చేతిలో పెట్టారు.

ఏ పోర్టల్‌లోనైనా అన్నిటికన్నా ప్రమాదకరమైన తెర ఏదని నన్ను అడిగితే, సరఫరాదారు బ్యాంకు ఖాతా నంబరు మార్చే తెర అంటాను. చూడటానికి మామూలు చిరునామా మార్పులా ఉంటుంది, చాలాచోట్ల దానితో సమానంగానే చూస్తారు. ఆ ఒక్క గడి మారితే తర్వాతి చెల్లింపులన్నీ, అన్ని ఆమోదాలూ సక్రమంగా పొంది, తప్పు ఖాతాకు వెళతాయి. మార్చినవారు ఒకరు, ఆమోదించేవారు ఇంకొకరు కావాలి. పాత ఫోను నంబరుకు కాల్ చేసి అడిగాకే, కొన్ని రోజుల ఆగు సమయం తర్వాతే కొత్త ఖాతా అమల్లోకి రావాలి. ఈ తనిఖీ మనుషుల క్రమశిక్షణకు వదిలేయకుండా సాఫ్ట్‌వేరే పట్టుబట్టాలి. ‘ఒకే మనిషికి రెండు యూజర్ ఖాతాలు’ అనే దొడ్డిదారిని కూడా అదే మూయాలి.

ఇచ్చిన అనుమతి తిరిగి తీసుకునేదెవరు?

ఉద్యోగంలో చేరేవారి గురించి అందరూ శ్రద్ధ తీసుకుంటారు, యాక్సెస్ లేకపోతే పని జరగదు కాబట్టి. వెళ్లిపోయేవారి గురించి కొంత శ్రద్ధ ఉంటుంది. ఎవరూ చూడనిది విభాగం మారేవారిని. కొనుగోళ్ల విభాగంలో నాలుగేళ్లు పనిచేసిన ఆమె అకౌంట్స్‌కు మారింది. కొత్త అనుమతులు మొదటి రోజే అడిగి తెచ్చుకుంది. పాతవి తీసేయమని ఎవరు అడుగుతారు? ‘పాత పనిలో సందేహాలొస్తే ఉపయోగపడతాయి, ఒక నెల ఉంచండి’ అని పాత మేనేజర్ అన్నాడు. ఆ నెల ముగియలేదు. ఇప్పుడు సరఫరాదారులను నమోదు చేయడం, చెల్లింపులు ఆమోదించడం రెండూ ఆమె చేయగలదు. ఎవరూ కావాలని ఇవ్వలేదు, ఆమె కోరుకోలేదు. తర్వాత ఆమె కింద చేరిన కొత్త ఉద్యోగికి యాక్సెస్ ఫారంలో ‘ఆమెకు ఉన్నవే ఇవ్వండి’ అని రాస్తారు. పోగైన అనుమతుల మూట అలా తరం నుంచి తరానికి దిగుతుంది.

దీనికి మందుగా మూడు నెలలకోసారి యాక్సెస్ సమీక్ష పెడతారు. మేనేజర్‌కు నాలుగు వందల వరుసల జాబితా వస్తుంది. ఒక్కో వరుసలో అర్థం కాని కోడ్ పేరు, పక్కన ‘ఉంచాలా, తీసేయాలా’ అనే గడి. తీసేస్తే రేపు ఎవరి పని ఆగిపోతుందో అని భయం. ఉంచితే ఎవరూ అడగరు. అన్నీ ‘ఉంచు’ అని టిక్ పెట్టి పంపేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. ఆ జాబితాలో అనుమతి వల్ల ఏం చేయవచ్చో మామూలు మాటల్లో రాసి, చివరిసారి ఎప్పుడు వాడారో తేదీ చూపించి, ఆరు నెలలుగా వాడనివి దానంతటవే పోయేలా పెడితే, అతని ముందు నాలుగు వందల వరుసలకు బదులు పన్నెండు నిజమైన ప్రశ్నలుంటాయి. తాత్కాలిక అనుమతికి ఇచ్చే రోజే గడువు తేదీ పెట్టడం అంతకన్నా తేలిక.

వెళ్లిపోయినవారి విషయంలో చిక్కు వేరే చోట ఉంది. ఖాతా నిలిపేయగానే మనిషి బయటికి వెళ్లినట్టు కాదు. అప్పటికే తెరిచి ఉన్న సెషన్ నడుస్తూనే ఉండవచ్చు. సర్వర్‌ను మళ్లీ అడగనవసరం లేకుండా సంతకంతో చెల్లుబాటయ్యే టోకెన్లు గడువు తీరేదాకా చెల్లుతూనే ఉంటాయి. అందుకే వాటి గడువు గంటల్లో కాకుండా నిమిషాల్లో ఉండటం మేలు. కేంద్ర లాగిన్ మూసినా, పాత అప్లికేషన్‌లో విడిగా పెట్టుకున్న పాస్‌వర్డ్ బతికే ఉంటుంది. తన పేరు మీద సృష్టించిన ఏపీఐ కీ ఏదో ఒక స్క్రిప్టులో పనిచేస్తూ ఉంటుంది. 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ ఇంధన సరఫరా ఆగిపోవడానికి దారితీసిన దాడి, బయటి నుంచి సంస్థ నెట్‌వర్క్‌లోకి రావడానికి వాడే వీపీఎన్‌లో, వాడుకలో లేని ఒక పాత ఖాతా ద్వారా మొదలైంది. దానికి రెండో అంచె ధ్రువీకరణ లేదు. మనుషులు కాకుండా ప్రోగ్రామ్‌లు వాడుకునే సర్వీస్ ఖాతాలు ఇంకా మొండివి. అవి రాజీనామా చేయవు, సెలవు పెట్టవు, వాటి పాస్‌వర్డ్ మారిస్తే ఏది ఆగిపోతుందో ఎవరికీ తెలియదు. ప్రతి సర్వీస్ ఖాతాకు పేరు పెట్టి ఒక మనిషిని యజమానిగా రాయాలి. ఆ మనిషి వెళ్లే రోజు యాజమాన్యం ఇంకొకరి పేరు మీదకు మారాలి.

అడ్మిన్ల గురించి ఒక్క మాట. 2020 జులైలో హ్యాకర్లు ట్విట్టర్ ఉద్యోగులను ఫోన్లలో మోసం చేసి, సంస్థ లోపలి సహాయ సాధనాల్లోకి చొరబడి, 130 ఖాతాలను లక్ష్యంగా చేసుకున్నారు. కస్టమర్‌కు సాయం చేయడానికి పెట్టిన తెర కాబట్టి దాన్ని భద్రత విషయంలో చిన్నచూపు చూడటం అన్నిచోట్లా ఉంది. ‘యూజర్‌లా లాగిన్ అయి చూడు’ అనే సౌకర్యం ఉంటే, లాగ్‌లో ఇద్దరి పేర్లూ పడాలి: చేసింది ఎవరు, ఎవరి తరఫున. లేకపోతే సపోర్టు ఉద్యోగి చేసిన మార్పు కస్టమర్ నెత్తిన పడుతుంది.

రెండు కిటికీల పరీక్ష

మీ సంస్థ పోర్టల్ ఎలా ఉందో తెలుసుకోవడానికి ఖరీదైన సాధనంతో మొదలుపెట్టనక్కర్లేదు. రెండు పరీక్ష ఖాతాలు తీసుకోండి, వేర్వేరు సంస్థలకు చెందినవి. రెండు బ్రౌజర్లలో విడివిడిగా లాగిన్ అవండి. మొదటిదాంట్లో ఒక రికార్డు తెరిచి, ఆ లింకును కాపీ చేసి రెండోదాంట్లో పెట్టండి. తర్వాత డౌన్‌లోడ్ లింకుతో, మార్చే ఫారంతో, తొలగించే బటన్ పంపే అభ్యర్థనతో అదే చేయండి. ఇదే పనిని ఆటోమేటిక్ టెస్టుగా రాస్తే ప్రతి కొత్త పేజీకి దానంతటదే జరుగుతుంది. ‘తనది తనకు కనిపిస్తుందా’ అని పరీక్షించే టెస్టులు అందరూ రాస్తారు. ‘పరాయిది కనిపించకుండా ఉందా’ అనే టెస్టు పక్కనే ఉండాలి. జవాబు 403 కావచ్చు. రికార్డు ఉందన్న సంగతి కూడా తెలియకూడదనుకుంటే, ఏమీ లేదని చెప్పే 404 పంపడం మంచిది.

కనిపెట్టాక సరిచేసేవారు ఉండాలి. ఫస్ట్ అమెరికన్ ఉదంతంలో న్యూయార్క్ నియంత్రణ సంస్థ, ఆ తర్వాత అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ జరిపిన విచారణల్లో తేలింది ఇదే. పత్రికల్లో రాకముందే, 2018 చివర్లో సంస్థ సొంత భద్రతా పరీక్షలోనే ఆ లోపం దొరికింది. దాని తీవ్రతను తక్కువగా నమోదు చేశారు. నెలలు గడిచినా సరిచేయలేదు. 2019 మేలో సంస్థ తరఫున పెద్ద అధికారులు బహిరంగ ప్రకటన ఇచ్చే సమయానికి, తమవాళ్లకు ఈ విషయం ముందే తెలుసన్న సంగతి వారి దాకా చేరలేదు. కాబట్టి రెండు కిటికీల పరీక్షలో ఏదైనా కనిపిస్తే, రాసిపెట్టే టికెట్‌లో ‘నంబరు మారిస్తే వేరే పేజీ వస్తోంది’ అని రాసి వదిలేయకండి. ఎవరి సమాచారం, ఎన్ని రికార్డులు, ఎప్పటి నుంచి అనే మూడు వివరాలు రాయండి. ఆ రికార్డుల యజమాని అయిన విభాగాధిపతికి అదే రోజు ఫోన్ చేయండి.